డేకేర్ పిల్లలకి పండగ కానుకలు: వంద డాలర్లలో ఏం ఇవ్వొచ్చు?

ప్రశ్న: అక్కా, మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్లుగా ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నాను, రిజిస్ట్రేషన్ కూడా ఉంది. ఇప్పుడు ఆరుగురు పిల్లలున్నారు. తొమ్మిది నెలల పాప, పదహారు నెలల బాబు, రెండున్నరేళ్ల కవలలు, మూడున్నరేళ్ల పాప, నాలుగున్నరేళ్ల బాబు. పెద్ద బాబుకి వేరుశనగ అలర్జీ. మూడున్నరేళ్ల పాప వాళ్లింట్లో క్రిస్మస్ చేసుకోరు, పుట్టినరోజులు కూడా చేసుకోరు. పోయిన ఏడాది ఒక్కొక్కరికీ ముప్పై డాలర్ల బొమ్మ కొన్నాను. కార్డు బిల్లు చూసి మావారు ఏమీ అనలేదు గానీ నాకే మనసు పీకింది. ఈసారి మొత్తం వంద డాలర్లు దాటకూడదు. మా వీధిలోనే ఇంకొకావిడ పిల్లల పేర్లు కుట్టించిన బ్యాక్‌ప్యాక్‌లు ఇచ్చిందని ఒక తల్లి నాతో అంది. చీప్‌గా ఇస్తే పేరెంట్స్ ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది. కిండర్‌గార్టెన్ చదివే మా అమ్మాయి అయితే ఇప్పట్నుంచే "మరి నాకేం ఇస్తావు?" అంటోంది. మా అత్తగారు డిసెంబరు మొదటి వారంలో వైజాగ్ నుంచి వస్తున్నారు, ఆవిడతో ఏమైనా తెప్పించుకోనా?

జవాబు: చెల్లీ, చనువుగా నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను ఇర్వింగ్‌లో పన్నెండేళ్లు ఇంట్లో డేకేర్ నడిపాను. నీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి రెండు మూడు డిసెంబర్లు కళ్లముందు తిరిగాయి. ముందే చెప్పేస్తున్నా, వంద డాలర్లు చాలు. సరిగ్గా చూసుకుంటే అందులో ముప్పై నలభై మిగులుతాయి కూడా.

ఏం కొనాలని అడిగావు. దానికంటే ముందు ఒక పని చెయ్యి. రేపు పిల్లలు నిద్రపోయే టైములో ఒక కాగితం తీసుకుని ఆరుగురి పేర్లూ రాసి, ఒక్కొక్క పేరు పక్కన ఆ పిల్ల ఈ వారం రోజులూ నీ ఇంట్లో దేని చుట్టూ తిరిగిందో రాయి. బొమ్మ పేరే కానక్కర్లేదు. మూతలు తీసి పెట్టడం, కిటికీ దగ్గర నిలబడి చెత్త బండి కోసం ఎదురుచూడడం, నీ చున్నీ కప్పుకుని తిరగడం, ఏదైనా సరే. వాళ్ల అమ్మానాన్నలు పొద్దున్న ఏడున్నరకి దింపి సాయంత్రం ఐదున్నరకి తీసుకెళ్తారు. పనిరోజుల్లో ఆ పిల్లలు మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం నీ కళ్లముందే గడుస్తుంది. ఏ పిల్లకి ఏది ఇష్టమో ఏ షాపువాడికీ తెలియదు, అమ్మమ్మకీ తెలియదు, నీకు తెలుసు. నువ్వు ఇచ్చేది ఆ తెలిసిన దాంట్లోంచి రావాలి. అలా వచ్చిన వస్తువు మూడు డాలర్లదైనా ఆ తల్లి దాన్ని చీప్ అనుకోదు.

నా దగ్గర పదిహేను నెలల బాబు ఒకడుండేవాడు. గదినిండా బొమ్మలున్నా పాకుతూ వంటింటి గడప దగ్గరికే వచ్చేవాడు. కింది అరలో నేను తాలింపు సామాన్లు పెట్టుకునే చిన్న స్టీలు గిన్నెలుండేవి, వాటికోసం. నాలుగు గిన్నెలూ బయటికి లాగి, పెద్దదాంట్లో చిన్నది పెట్టి, అది 'టంగ్' మనగానే నావైపు చూసేవాడు. నేను "ఊఁ" అంటేనే రెండోది పెట్టేవాడు. చిన్నదాంట్లో పెద్దది పట్టదని వాడికి తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ రోజూ అదే పని, విసుగనేదే లేదు. ఆ డిసెంబరులో ఇండియన్ స్టోరుకెళ్లి సరిగ్గా అలాంటివే నాలుగు గిన్నెలు కొని, బాగా కడిగి, ఒక కార్డు మీద "మీవాడు మా ఇంట్లో రోజూ వీటితోనే ఆడతాడు, పెద్దదాంట్లో చిన్నది పెట్టడం ఈ నెలలోనే నేర్చుకున్నాడు" అని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. ఆ తల్లి తెల్లావిడ, హాస్పిటల్‌లో నైట్ షిఫ్టులు చేసేది. కార్డు చదువుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కొడుకు అది నేర్చుకుంటున్నప్పుడు తను అక్కడ లేదు కదా, ఆ సంగతి నా ద్వారా తెలిసింది. ఆవిడ తర్వాత తన రెండో బిడ్డని కూడా నా దగ్గరే వదిలింది.

అందుకే బ్యాక్‌ప్యాక్‌ల సంగతి మనసులోంచి తీసెయ్. ఆవిడ ఇచ్చింది మంచి వస్తువే, ఆవిడకి కుదిరింది, ఇచ్చింది. ఆ తల్లి నీతో అన్నది కూడా పోలిక పెట్టాలని కాకపోవచ్చు, మాటల్లో వచ్చి ఉంటుంది. పిల్లల్ని నీ దగ్గర వదిలేవాళ్లు డిసెంబరు బహుమతి చూసి వదలరు. సాయంత్రం తలుపు తీసేసరికి వాళ్ల పిల్ల మొహం ఎలా ఉందో చూసి వదులుతారు.

ఇక అసలు సంగతికి వస్తాను. నా లెక్కలో ఒక్కొక్కరికీ ఒక సంచి, అందులో ఒక పుస్తకం, ఒక ఆటవస్తువు, ఒక కార్డు ఉండాలి. సంచి అందరికీ ఒకేలా ఉంటుంది, పుస్తకం, ఆటవస్తువు వయసుని బట్టి, కార్డు పిల్లని బట్టి మారతాయి. సంచులు కొనకు. మన ఇళ్లలో కట్టకుండా మడతపెట్టిన కాటన్ చీర ఒకటైనా ఉంటుంది, దాంతో ఏడు సంచులొస్తాయి (ఏడోది మీ అమ్మాయికి, దాని సంగతి తర్వాత చెప్తాను). మూతికి నాడా మాత్రం దూర్చకు, చిన్నపిల్లలున్న ఇంట్లో పొడుగు తాళ్లు మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. దిండు గలీబులా మడత మూతి పెట్టి కుడితే చాలు. కుట్టుమిషను లేకపోతే చేత్తోనే కుట్టు, ఒక వారం నిద్ర టైముల్లో అయిపోతుంది.

పుస్తకాలకి కొత్తవే కొనాలని రూలేం లేదు. హాఫ్ ప్రైస్ బుక్స్ మన డల్లాస్‌లోనే 1972లో పుట్టిన షాపు, అక్కడ పిల్లల సెక్షన్‌లో ఓపిగ్గా వెతికితే రెండు మూడు డాలర్లకి కొత్తదానిలా ఉన్న పుస్తకాలు దొరుకుతాయి. లైబ్రరీల్లో వాటికి సాయం చేసే ఫ్రెండ్స్ గ్రూపులు పెట్టే పాత పుస్తకాల అమ్మకాల్లో ఇంకా తక్కువ. మూడేళ్లలోపు వాళ్లకి గట్టి అట్ట పేజీలున్న బోర్డు పుస్తకమే కొను. పేజీలు నోట్లో పెట్టుకుంటారు, చింపుతారు, అది వాళ్ల తప్పు కాదు. పాత పుస్తకమైతే తడిగుడ్డతో ప్రతి పేజీ తుడిచి ఎండలో కాసేపు పెట్టు. అన్నట్టు, గాయని డాలీ పార్టన్ మొదలుపెట్టిన ఇమాజినేషన్ లైబ్రరీ అని ఒకటుంది. 1995లో టెన్నెసీలో ఆవిడ సొంత కౌంటీలో మొదలైంది, అయిదేళ్లలోపు పిల్లలకి నెలకొక పుస్తకం ఉచితంగా పోస్టులో ఇంటికి పంపిస్తారు. అన్ని పిన్‌కోడ్‌లకీ ఉండదు. మీ పేరెంట్స్ ఉండే ఏరియాలకి ఉందేమో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి, ఉంటే ఆ వివరం కార్డు వెనక రాయి. నీకు పైసా ఖర్చు లేదు, వాళ్లకి ఏళ్ల తరబడి పుస్తకాలొస్తాయి.

తెలుగు పిల్లలకి తెలుగు పుస్తకం ఇవ్వు, ఇక్కడే మీ అత్తగారు పనికొస్తారు. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్లు, చెన్నైలో తూలిక వాళ్లు, ఇంకా ప్రథమ్ బుక్స్ వాళ్లు పిల్లల కోసం బొమ్మల కథలు వేస్తారు, అక్కడి ధర ఇక్కడి కాఫీ ఖర్చంత కూడా ఉండదు. తూలిక వాటిలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకే పేజీలో ఉండేవి ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి అవి బాగా పనికొస్తాయి, తెలుగు చదవడం అంతగా రాని నాన్న కూడా చదివి వినిపించగలడు. ఇవి మామూలు కాగితం పుస్తకాలు కాబట్టి చిన్నవాళ్లకి చేతికివ్వకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవమని చెప్పు.

అత్తగారు వైజాగ్ నుంచి వస్తున్నారంటే నాకు వెంటనే ఏటికొప్పాక గుర్తొచ్చింది. అనకాపల్లి దాటాక వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్క రంగులతో బొమ్మలు చేస్తారు, వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అక్కడి బొంగరాలు, వేళ్లతో తిప్పే చిన్నవి, నాలుగున్నరేళ్ల బాబుకీ మీ అమ్మాయికీ మహా బాగుంటాయి. పసుపు లాంటి సహజ రంగులు వేసినవేనా అని అడిగి తెమ్మను, అందరూ అవే వాడరు. ఆ బొంగరాలు చిన్నవాళ్ల గొంతులో పట్టేంత ఉంటాయి కాబట్టి మూడేళ్లలోపు వాళ్ల సంచుల్లో వెయ్యకు. కొండపల్లి బొమ్మలు తెప్పించాలనిపిస్తుంది, వద్దు. అవి షోకేసులో పెట్టుకునేవి, పిల్లలు నోట్లో పెట్టుకునేవి కావు. తినేవి అసలు వద్దు. ఆవిడ ప్రేమతో పల్లీ చిక్కీ, పల్లీ పొడి తెస్తారు, అవి నీ వంటింట్లో కూడా పిల్లలుండే గంటల్లో డబ్బా మూత తెరవకు. అలర్జీ ఉన్న పిల్లాడు ఒక్కడున్నా కానుకల్లో తినుబండారాలు లేకుండా చూసుకోవడమే మేలు. కుకీలు, కేకులు కూడా, ఏ మిఠాయిలో ఏం కలిసిందో మనకి తెలియదు.

ఇప్పుడు ఆటవస్తువులు. అందరికంటే చిన్నదానికి, తొమ్మిది నెలల పాపకి, పైన చెప్పిన స్టీలు గిన్నెలే పెట్టు. మూడు చాలు, ఒక చిన్న చెక్క గరిటె కూడా. మెత్తటి టెడ్డీలు, దుప్పట్లు పాపాయిలకి ఇవ్వాలనిపిస్తుంది గానీ, ఏడాదిలోపు పిల్లలు పడుకునే తొట్టెలో పరుపు మీద గుడ్డ తప్ప ఏమీ ఉండకూడదని ఇక్కడి పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్తారు. నువ్వు టెడ్డీ ఇస్తే అది తిన్నగా తొట్టెలోకే వెళ్తుంది. పదహారు నెలల బాబుకి ఖాళీ టిష్యూ డబ్బా తీసుకుని, సంచులు కుట్టగా మిగిలిన చీర గుడ్డని జానెడు చదరాలుగా కత్తిరించి అంచులు కుట్టి, ఓ పదిహేను ముక్కలు అందులో కుక్కి ఇవ్వు. నిజం టిష్యూలన్నీ లాగి ఇల్లంతా పరిచే వయసది, ఇదైతే ఎన్నిసార్లు లాగినా మళ్లీ కుక్కొచ్చు. ఖర్చు సున్నా. ఇంట్లో చేసింది అని మొహమాటపడకు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో ఆటబొమ్మల మ్యూజియం ఉంది, అక్కడ గొప్ప బొమ్మలకిచ్చే గౌరవం 2005లో అట్టపెట్టెకి ఇచ్చారు, 2008లో మామూలు కర్రపుల్లకి ఇచ్చారు. బొమ్మ ఎంత తక్కువ చేస్తే పిల్ల అంత ఎక్కువ చేస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2018లో ఇదే చెప్పింది, లైట్లూ మాటలూ ఉన్న ఎలక్ట్రానిక్ బొమ్మలకంటే దిమ్మలు, బంతులు, పుస్తకాలు, వంటింటి ఆటలే పిల్లల మాటకీ బుర్రకీ మంచివని.

కవలలకి ఒకటే కొని ఇద్దరికీ కలిపి ఇవ్వకు. ఇది నేను నొక్కి చెప్తున్నాను. కవల పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ పంచుకుంటూనే ఉంటారు, కనీసం నీ దగ్గర నుంచైనా ఎవరిది వాళ్లకి, ఎవరి పేరు దాని మీద ఉన్నది రావాలి. ఇద్దరికీ లావుపాటి క్రేయాన్లు, తెల్ల కాగితాలు మడిచి మధ్యలో దారంతో కుట్టిన బొమ్మల నోటు చెరొకటి పెట్టు. ఒకళ్లకి ఎరుపు అట్ట, ఇంకొకళ్లకి నీలం అట్ట వెయ్యి, లేకపోతే రేపు పొద్దున్న ఎవరిదేదని గొడవ.

మూడున్నరేళ్ల పాపకీ పెద్ద బాబుకీ ఇంట్లో చేసిన ప్లేడో, అంటే బొమ్మలు చేసుకునే మెత్తటి రంగు ముద్ద, ఇవ్వొచ్చు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, నాలుగు చిన్న చెంచాల క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్ సామాన్ల దగ్గర దొరికే తెల్ల పొడి), రెండు పెద్ద చెంచాల నూనె (పల్లీ నూనె కాకుండా), రెండు కప్పుల నీళ్లు కలిపి సన్నసెగ మీద గరిటెతో తిప్పుతూ ఉంటే ఉప్మా దగ్గరపడినట్టు ముద్దగా అవుతుంది. దింపి చల్లారాక చపాతీ పిండిలా మర్దించి రంగు కలుపు. గాలి చొరని డబ్బాలో పెడితే నెలల తరబడి ఉంటుంది. పసుపు రంగు కోసం మన పసుపు వేద్దామనుకుంటావేమో, వద్దు, అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద పడితే ఆ తల్లి అద్దె డిపాజిట్ పోతుంది. ఫుడ్ కలరే వాడు. దీన్లో ఉప్పు ఎక్కువ, పిల్లలు తినకూడదు, కుక్కలకైతే ఇంకా ప్రమాదం. కుక్క ఉన్న ఇంటికి పంపేటప్పుడు కార్డు మీద ఆ మాట రాయి. గోధుమ పడని పిల్లలెవరైనా ఉన్నారా అని కూడా ఒకసారి రికార్డులు చూసుకో.

నాలుగున్నరేళ్ల బాబు సంచిలో బొంగరంతో పాటు ఒక ప్లాస్టిక్ భూతద్దం, ఒక పేపర్ కప్పు, చిటికెడు ధనియాలు పొట్లం కట్టి పెడితే చాలా సంతోషిస్తాడు. నేను మా పెద్దపిల్లలకి మెంతులు ఇచ్చేదాన్ని, రెండు మూడు రోజుల్లో మొలకొస్తాయి కాబట్టి. కానీ మెంతులూ వేరుశనగా ఒకే కుటుంబం మొక్కలు, పల్లీ పడనివాళ్లలో కొందరికి మెంతులు కూడా పడవు. నీ బాబు విషయంలో ఆ సాహసం వద్దు. ధనియాలని చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండు పప్పులుగా విడదీసి ఇవ్వు, మొలకకి ఒకటి రెండు వారాలు పడుతుంది, సెలవుల్లో రోజూ కిటికీ దగ్గర చూసుకుంటాడు.

సేఫ్టీ గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఆ వస్తువు వెళ్లేది ఆ ఇంటికి, అక్కడ నువ్వుండవు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఒకటింపావు అంగుళం వెడల్పు గొట్టంలో పట్టే చిన్న ముక్కలుండకూడదని ఇక్కడి ఫెడరల్ రూలు, బంతులైతే ఒకటి ముప్పావు అంగుళం కంటే పెద్దవి ఉండాలి. ఇంట్లో చూడ్డానికి సులువు మార్గం టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం, దాంట్లోంచి జారిపోయేది ఏదైనా చిన్నపిల్లలకి వద్దు. అక్కాచెల్లెళ్లు ఉన్న ఇంటికి వెళ్లే వస్తువు పెద్దదాని కోసం ఇచ్చినా చిన్నది తీసుకుంటుంది, అది కూడా ఆలోచించు. బెలూన్లు అసలు పెట్టకు. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు అమ్ముతుంటారు, మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి, వాటి జోలికే పోకు.

అన్నిటికంటే భయం బటన్ బ్యాటరీలది. చవక బొమ్మల్లో, పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో, వెలిగే ఉంగరాల్లో రూపాయి బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. మన టెక్సాస్‌లోనే రీస్ అనే ఏడాదిన్నర పాప రిమోట్‌లోని బ్యాటరీ మింగి 2020 డిసెంబరులో చనిపోయింది. వాళ్లమ్మ పోరాటం వల్ల 2022లో ఆ పాప పేరుమీదే చట్టం వచ్చింది, బ్యాటరీ ఉండే చోటు పిల్లల చేతికి తెరుచుకోకూడదని. చట్టం ఉన్నా ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడివో వచ్చే బొమ్మల్లో కొన్నిటికి ఆ మూత స్క్రూ లేకుండానే ఉంటుంది. ఒక ఏడాది నేను ఒక ఆన్‌లైన్ షాపులో డజను లైటు బొంగరాలు చవగ్గా తెప్పించాను. పంచడానికి ముందురోజు రాత్రి ఒకటి చేతిలోంచి జారి కింద పడింది, అంతే, మూత ఊడి బ్యాటరీ సోఫా కిందికి దొర్లింది. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి వెతికి అది దొరికేదాకా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి. డజనూ చెత్తలో వేశాను. అప్పట్నుంచీ డేకేర్ పిల్లలకి బ్యాటరీ ఉన్న వస్తువు ఒక్కటీ ఇవ్వలేదు.

సెకండ్ హ్యాండ్ బొమ్మలు కొనొచ్చా అంటే, పుస్తకాలు, చెక్క పజిల్స్ లాంటివి కొనొచ్చు. రంగు పెచ్చులూడుతున్న పాత బొమ్మలు మాత్రం వద్దు. ఈ దేశంలో 1978లో సీసం ఉన్న పెయింట్‌ని నిషేధించారు గానీ అంతకు ముందువి ఇంకా థ్రిఫ్ట్ షాపుల్లో తిరుగుతూనే ఉంటాయి. కొన్న వస్తువు రీకాల్ అయిందేమో, అంటే ప్రమాదమని కంపెనీ వెనక్కి పిలిచిందేమో, వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడు. డాలర్ ట్రీలో నోటుపుస్తకాలు, పేపర్ కప్పులు, రిబ్బన్లు కొనుక్కో. పేరుకి డాలరే గానీ 2021 చివర్నుంచే ధర పెరిగింది, కాబట్టి లెక్కేసుకుని వెళ్లు. వచ్చే ఏడాదికైతే క్రేయాన్లూ నోటుపుస్తకాలూ ఆగస్టులో, బడులు తెరిచే ముందు కొనిపెట్టుకో, టెక్సాస్‌లో ఆ వారాంతం సేల్స్ టాక్స్ కూడా ఉండదు.

ఇప్పుడు క్రిస్మస్ చేసుకోని ఇంటి సంగతి. పుట్టినరోజులు కూడా చేసుకోరంటున్నావు కాబట్టి వాళ్లు యెహోవా సాక్షులు (ఈ రెండూ చేసుకోని ఒక క్రైస్తవ శాఖ) కావచ్చు, కాకపోనూ వచ్చు, మనం ఊహించుకోకూడదు. సాయంత్రం పాపని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పక్కకి పిలిచి నేరుగా అడుగు: "సెలవులకి ముందు పిల్లలందరికీ చిన్న సంచి ఇస్తున్నాను, పండగ పేరేమీ ఉండదు, మీ పాపకి ఇవ్వడం మీకు ఇబ్బందా? వేరే రోజు ఇమ్మంటే అలాగే ఇస్తాను." నా దగ్గర అలాంటి కుటుంబం ఒకటుండేది, అడిగినందుకే ఆ తండ్రి చాలా సంతోషించాడు. జనవరిలో ఇమ్మన్నాడు, ఇచ్చాను. ఎలాగూ మన ఆరుగురి ఇళ్లలో ఆరు రకాల పండగలుంటాయి, శాంటా బొమ్మల కాగితాలు చుట్టకుండా సాదా సంచులే ఇస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ పాప సంచి జనవరికి మారితే మిగతావాళ్ల సంచులు ఆ పాప వెళ్లాక గుమ్మం దగ్గర పేరెంట్స్ చేతికే ఇవ్వు.

మిగతా పిల్లల ముందు సంచులు విప్పనివ్వొద్దని పేరెంట్స్ అందరికీ చెప్పమంటాను. మొదటి ఏడాది నేను అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్లకీ ఒక్కో రకం ఇచ్చి, ఫొటోలు తీద్దామని ఫోన్ పట్టుకున్నాను. నాలుగేళ్ల పిల్ల తన పజిల్ విప్పింది, పక్కవాడి చేతిలో లారీ చూసింది, పజిల్ నేలమీద పెట్టి, గట్టిగా ఏడవకుండా కింది పెదవి బిగబట్టి, ఆ లారీ వంకే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల అల్లరి చేసుంటే నాకంత బాధ ఉండేది కాదు. తప్పు నాది, నాలుగేళ్లకి ఎవరి వస్తువు వాళ్లకి గొప్ప అన్న ఓర్పు ఉండదు. అందరూ కలిసి విప్పే సరదా కావాలంటే డేకేర్ మొత్తానికి ఒకటే వస్తువు, దిమ్మల పెట్టె లాంటిది, కొని మధ్యలో పెట్టి అందరితో విప్పించు. నీకు ఈ ఏడాది అది అక్కర్లేదు.

కార్డు మాత్రం మానకు. సంచిలో అన్నిటికంటే విలువైనది అదే. మూడు వాక్యాలు చాలు, కానీ ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ సరిపోని వాక్యాలు రాయి. "చాలా మంచి పాప, బాగా ఆడుకుంటుంది" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. "చెత్త బండి వచ్చినప్పుడల్లా డ్రైవరుకి చెయ్యి ఊపుతాడు, ఈ మధ్య ఆయన కూడా హారన్ కొడుతున్నాడు" అని రాస్తే ఆ తండ్రి దాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తాడు. ఒక ఫొటో ప్రింటు తీయించి పెట్టినా బాగుంటుంది, కొన్ని సెంట్లే అవుతుంది, కాకపోతే ఫొటోలో ఆ పిల్ల ఒక్కతే ఉండాలి. వేరేవాళ్ల పిల్లలు పడిన ఫొటో వాళ్లని అడగకుండా ఎవరికీ ఇవ్వకు.

రసీదులన్నీ ఒక కవర్లో దాచుకో. వ్యాపారం కోసం ఇచ్చే కానుకల్లో ఒక్కో మనిషికి ఏడాదికి 25 డాలర్ల వరకు ఇక్కడి టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ ఖర్చుగా ఒప్పుకుంటుంది. పోయిన ఏడాది ముప్పై పెట్టావు కదా, అందులో అయిదు ఎలాగూ లెక్కలోకి రాదు. నీ టాక్స్ చూసేవాళ్లని ఒకసారి అడిగి రాయించుకో.

మీ అమ్మాయికి కూడా అదే చీరతో కుట్టిన సంచి ఇవ్వు, మిగతావాళ్లకి ఇచ్చే రోజే ఇవ్వు. ఇంట్లో డేకేర్ ఉన్న పిల్లలు పైకి చెప్పరు గానీ తమ గది, తమ బొమ్మలు, తమ అమ్మని రోజంతా పంచుకుంటారు. ఐదేళ్ల పిల్ల "నాకేం ఇస్తావు?" అంటే అది బొమ్మ గురించే అడుగుతున్నట్టు నాకు అనిపించట్లేదు. సంచుల మీద పేర్లు రాయడం, ధనియాలు పొట్లాలు కట్టడం తనకి అప్పగించు. సంచిలో ఒక కార్డు పెట్టి, సెలవుల్లో ఒక పూట అత్తగారి దగ్గర ఇల్లు వదిలేసి మీ ఇద్దరే ఎక్కడికి వెళ్తారో అందులో రాయి. చెప్పిన రోజున తప్పకుండా తీసుకెళ్లు.

అన్నీ కలిపి నా లెక్కలో అరవై డాలర్లకి అటూ ఇటూ అవుతుంది, పుస్తకాలదే అందులో మూడో వంతు. ఈ శనివారమే పుస్తకాలకి వెళ్లు, థాంక్స్ గివింగ్ దాటితే పార్కింగ్ కూడా దొరకదు. గిన్నెలు కొనేటప్పుడు మాత్రం షాపులోనే ప్రతి గిన్నె అంచు చుట్టూ ఒకసారి వేలితో తడిమి చూడు, కొన్నిటికి అంచు సరిగ్గా మడవరు, పాప పెదవికి గీసుకుంటుంది.